పిల్లలకు గాల్ బ్లాడర్ తీశాక పైత్యరసం లీకైతే ఏం చేయాలి: డెల్టా ఊళ్ళలోని అమ్మానాన్నల కోసం

గాల్ బ్లాడర్ తీయించుకున్న పిల్లల్లో ఎక్కువమంది మర్నాటికే లేచి కూర్చుంటారు. మూడో రోజుకి ఇంట్లో ఫోన్ కోసం పేచీ పెడుతుంటారు. చాలా తక్కువమందిలో మాత్రం లోపల పైత్యరసం కారడం మొదలవుతుంది. పెద్దవాళ్ళ లెక్కల్లో ఇది నూటికి ఒకరి దగ్గర్లో ఉంటుంది. సమయానికి పట్టుకుంటే పూర్తిగా నయమయ్యే సమస్యే ఇది. ఆలస్యం చేస్తే కడుపంతా ఇన్‌ఫెక్షన్ పాకి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఆలస్యం మన దగ్గర ఎలా జరుగుతుందో పిల్లల సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తూ చూశాను. "గ్యాస్ అయ్యుంటుందిలే" అని ఒక రోజు గడుస్తుంది. ఊళ్ళో ఆర్ఎంపీ గారి ఇంజక్షన్‌తో ఇంకో రోజు గడుస్తుంది. కళ్ళు పచ్చబడ్డాయని పసరు మందు కోసం ఒక రోజు, రాత్రిపూట పంటు (జనాన్ని గోదారి దాటించే పడవ) తిరగదని ఇంకో పూట. ఎవరూ బిడ్డను నిర్లక్ష్యం చేసినవాళ్ళు కారు. ఏది మామూలు నొప్పో, ఏది కాదో ముందుగా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఇక్కడ రాసేదంతా అది చెప్పడానికే. మీ డాక్టరు గారి మాటకు ఇది బదులు కాదు. ఆయన్ని ఎప్పుడు కలవాలో, ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

పైత్యరసాన్ని తయారుచేసేది గాల్ బ్లాడర్ కాదు, కాలేయం. గాల్ బ్లాడర్ దాన్ని కొంతసేపు నిల్వ ఉంచే చిన్న సంచి మాత్రమే. అందుకే సంచి తీసేసినా పైత్యం ఊరడం ఆగదు. పెద్దవాళ్ళలో రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఊరుతుంది. పిల్లల్లో వాళ్ళ బరువును బట్టి ఉంటుంది. అది పెద్ద పైత్యనాళం గుండా పేగులోకి పోతుంది.

ఆపరేషన్‌లో సంచికీ పెద్ద నాళానికీ మధ్య ఉండే సన్నని గొట్టానికి క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. లీకుల్లో ఎక్కువ భాగం ఆ మొదలు దగ్గరే వస్తాయి: క్లిప్ జారినా, వాపు వల్ల అక్కడి కండ మెత్తబడినా కారుతుంది. కొందరిలో కాలేయానికీ సంచికీ మధ్య లూష్కా నాళాలు అనే బాగా సన్నని గొట్టాలు ఉంటాయి. సంచిని ఒలిచేటప్పుడు అవి తెగినా కారుతుంది. ఈ రెండూ చిన్న లీకులు. పెద్ద పైత్యనాళానికే దెబ్బ తగలడం చాలా అరుదు. కానీ అది వేరే స్థాయి సమస్య, దాని గురించి తర్వాత చెప్తాను.

మొదట్లో కారే పైత్యంలో సూక్ష్మజీవులు ఉండకపోవచ్చు. అప్పుడు భరించలేనంత నొప్పి కూడా రాకపోవచ్చు. బిడ్డ ఊరికే నలతగా ఉంటుంది, తినదు, పొట్ట కాస్త ఉబ్బుతుంది. ఇలా చప్పుడు లేకుండా మొదలవుతుంది కాబట్టే ఇది మోసం చేస్తుంది.

1. డిశ్చార్జి రోజున అడిగి తీసుకోవాల్సినవి

బిల్లు కట్టి బస్సు టైము చూసుకునే హడావుడిలో ఇవి మర్చిపోతారు. డిశ్చార్జి సమ్మరీ ఎలాగూ ఇస్తారు. దాంతోపాటు ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అడగండి. గాల్ బ్లాడర్ ఎంత వాచి ఉంది, క్లిప్పులు ఎలా వేశారు, డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి రావడానికి పెట్టే సన్నని గొట్టం) పెట్టారా లేదా అన్నది అందులో ఉంటుంది. రేపు వేరే ఆస్పత్రిలో అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకి ఆ ఒక్క పేజీ ఎంత ఉపయోగమో చెప్పలేను. అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి.

తర్వాత సర్జన్ గారిని సూటిగా అడగండి: "మా బాబుకి ఆపరేషన్ సాఫీగా అయిందా, సంచి బాగా అంటుకుపోయి ఉందా? రాత్రిపూట తేడా చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి? లీక్ లాంటిది వస్తే మీరే చూస్తారా, ఎక్కడికి పంపుతారు?" ఇలా అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారని భయపడొద్దు. బాగా వాచిన సంచి తీసినప్పుడు లీకయ్యే అవకాశం కొంచెం ఎక్కువ. అది ముందే తెలిస్తే మీరు ఆ వారం ఇంకాస్త కనిపెట్టుకుని ఉంటారు.

గాల్ బ్లాడర్‌లో రాళ్ళ వల్ల ఆపరేషన్ అయితే, అసలు బిడ్డకు ఆ రాళ్ళు ఎందుకు వచ్చాయో కూడా కాగితం మీద రాయించుకోండి. పిల్లల్లో రాళ్ళకు ఒక పెద్ద కారణం ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోయే జబ్బులు: సికిల్ సెల్, తలసేమియా, స్ఫెరోసైటోసిస్. రంపచోడవరం, చింతూరు వైపు గిరిజన గ్రామాల నుంచి కాకినాడ, రాజమండ్రి ఆస్పత్రులకు వచ్చే పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఉంటారు. సికిల్ సెల్ ఉన్న బిడ్డకి ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా నొప్పుల క్రైసిస్, అంటే ఒక్కసారిగా తీవ్రమైన నొప్పులు, మొదలవుతుంది. ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి కూడా తక్కువ. కాబట్టి ఇక్కడ నుంచి నేను "అదే రోజు వెళ్ళండి" అన్న ప్రతిచోటా, ఆ పిల్లల విషయంలో "అదే గంటలో" అని చదువుకోండి.

ఇల్లు గోదారి మధ్య లంకలో ఉంటే ఇంకో మాట. జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదారి ఎర్రబడే కాలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే పడవే గతి. ఆ రోజుల్లో ఆపరేషన్ అయితే మొదటి పది రోజులు గట్టున, ఆస్పత్రికి రోడ్డు ఉన్న వైపు చుట్టాలింట్లో ఉండండి. మావయ్య గారింట్లో పది రోజులు ఉన్నారని ఎవరూ ఏమీ అనుకోరు.

2. మొదటి పది రోజులు: ప్రతిరోజూ నిన్నటితో పోల్చండి

ఒక్క విషయం గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన బిడ్డ నిన్నటికన్నా ఈరోజు బాగుండాలి, ఈరోజు కన్నా రేపు బాగుండాలి. కొంచెమే అయినా సరే, ముందుకే వెళ్ళాలి. బాగుపడుతున్న బిడ్డ మళ్ళీ వెనక్కి వెళ్తే, అంటే నిన్న నడిచిన పిల్ల ఈరోజు లేవనంటే, నిన్న ఇడ్లీ తిన్నవాడు ఈరోజు నోరు తిప్పుకుంటే, కారణం తెలిసేదాకా అది లీకే అనుకుని చూపించాలి. లీక్ లక్షణాలు ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడతాయి. కొందరిలో పదో రోజు దాకా కూడా పట్టవచ్చు. మీరు ఇంటికొచ్చేది రెండో రోజో మూడో రోజో. అంటే దాన్ని మొదట చూసేది డాక్టరు కాదు, మీరే.

ఒక పాత నోటుబుక్ తీసుకోండి. పొద్దున, సాయంత్రం జ్వరం ఎంత, ఏం తిన్నాడు, ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళాడు, రెంటికి వెళ్ళాడా, గాలి పోయిందా, నొప్పి నిన్నటి మీద ఎలా ఉంది, ఇవి రాయండి. థర్మామీటర్ లేకపోతే కొనండి. చెయ్యి పెట్టి చూసి చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. ఒక జాగ్రత్త: పారాసెటమాల్ ఇచ్చేముందే జ్వరం చూసి రాయాలి, ఇచ్చాక కాదు. మందు జ్వరాన్ని కప్పేస్తుంది. డోసు బిడ్డ బరువును బట్టి డాక్టరు రాసిందే ఇవ్వండి. సిరప్‌లు వేర్వేరు బలాల్లో వస్తాయి కాబట్టి ఇంట్లో ఉన్న పాత సీసా, కొత్త సీసా ఒకటే అనుకోవద్దు.

మామూలుగా ఉండేవి ఇవీ: కుట్ల దగ్గర నొప్పి, రెండు మూడు రోజులు తగ్గుతూ పోయే భుజం నొప్పి, కొంచెం వికారం, కొన్నాళ్ళు విరేచనం పల్చగా అవడం. భుజం నొప్పి అంటే భయపడతారు. ఆపరేషన్ అప్పుడు కడుపులోకి గ్యాస్ నింపుతారు, అది పోయేదాకా భుజంలోకి లాగినట్టు ఉంటుంది. కానీ అది తగ్గుతూ రావాలి. తగ్గిన భుజం నొప్పి నాలుగో రోజు కొత్తగా మొదలైతే కాలేయం కింద ఏదో ద్రవం చేరిందేమో చూడాలి.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు డాక్టరుకి చూపించండి:

- కుడి డొక్కలో గానీ పొట్ట అంతా గానీ నొప్పి పెరుగుతూ పోవడం
- జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ
- పొట్ట ఉబ్బి బిగుసుకోవడం, గాలి కూడా పోకపోవడం
- తిన్నది నిలవకుండా వాంతులు
- కళ్ళలో తెలుపు పచ్చబడటం, మూత్రం ముదురు టీ రంగులో రావడం, మలం సున్నపు ముద్దలా తెల్లబడటం
- కుట్ల దగ్గర నుంచో, డ్రెయిన్ తీసిన రంధ్రం నుంచో పసుపు లేదా ఆకుపచ్చ నీరు రావడం

పొట్ట చెక్కలా గట్టిపడి ముట్టుకుంటే కేకపెట్టినా, ఆకుపచ్చ వాంతి అయినా, చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోయినా, పిలిస్తే సరిగా పలకకుండా సోలిపోతున్నా ఇంక ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి బయలుదేరండి.

చంటిపిల్లలు నొప్పి అని చెప్పలేరు. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోవడం, ఎత్తుకున్నప్పుడు ఏడుపు ఎక్కువవడం, మూలుగుతూ గబగబా ఊపిరి తీసుకోవడం, ఇవే వాళ్ళ భాష.

3. అనుమానం వచ్చినప్పుడు చేయకూడనివి

ఇది కాస్త గట్టిగానే చెప్తాను.

కళ్ళు పచ్చబడగానే మన ఊళ్ళలో మొదట గుర్తొచ్చేది కామెర్ల మందు. ఫలానా ఊళ్ళో ఆదివారం పసరు పోస్తారనో, చేతి మీద చుక్క కాలుస్తారనో మామ్మలు, అమ్మమ్మలు చెప్తారు. వాళ్ళు బిడ్డ మీద ప్రేమతోనే చెప్తారు, వాళ్ళతో తగువు అక్కర్లేదు. కానీ ఈ పచ్చదనం నీళ్ళ ద్వారా వచ్చే వైరస్ కామెర్లు కాదు. పైత్యం కడుపులో కారి మళ్ళీ రక్తంలో కలిసినా, పెద్ద నాళం మూసుకుపోయినా కళ్ళు పచ్చబడతాయి. దీనికి పసరు ఏమీ చేయలేదు. పైగా మత్తు ఇవ్వాల్సిన బిడ్డ కడుపులోకి ఏదో పోసినట్టవుతుంది, కాల్చిన చోట ఇన్‌ఫెక్షన్‌కి ఇంకో దారి తెరిచినట్టవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలా చెప్పండి: "ఇది ఆపరేషన్ వల్ల వచ్చిన పచ్చదనం మామ్మా, ఆ డాక్టరే చూడాలి." ఒప్పుకుంటారు.

రెండోది, ఇంటికి ఆర్ఎంపీని పిలిపించి సెలైన్, నొప్పి ఇంజక్షన్ చేయించడం. జలుబుకో, దెబ్బకో ఆయన సాయం కాదనను. ఇక్కడ మాత్రం ఇంజక్షన్‌తో నొప్పి ఆరేడు గంటలు అణిగిపోతుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది. ఆయన్ని వేరే సాయం అడగండి: బండి చూడమనండి, ఆస్పత్రికి ఫోన్ చేయమనండి, దారిలో తోడు రమ్మనండి.

మూడోది, పాత చీటీ చూపించి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేయడం. నిలిచిపోయిన పైత్యం బయటికి రానిదే మాత్రలు ఒక్కటే పనిచేయవు.

4. బయలుదేరేటప్పుడు

వీలైతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్ళండి. అది దూరమైతే, బిడ్డ పరిస్థితి బాగాలేకపోతే, స్కానింగ్, పిల్లల డాక్టరు ఉన్న దగ్గరి ఆస్పత్రికి. అమలాపురం, నరసాపురం, తణుకు, రాజమండ్రి, కాకినాడ, ఏది దగ్గరైతే అది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద పదిహేను నిమిషాల పనే అనిపిస్తుంది, కానీ రాత్రి ఆ దారి నమ్ముకోవద్దు. వంతెన ఉన్న దారే పట్టుకోండి, కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

బయలుదేరాక గట్టి ఆహారం, పాలు పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. ఎప్పుడు చివరిసారి తిన్నాడో, తాగాడో టైము రాసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. సికిల్ సెల్ ఉన్న బిడ్డనైతే వెళ్ళగానే ఆ మాట చెప్పి సెలైన్ త్వరగా మొదలుపెట్టమని అడగండి. తిండి లేకపోయినా పర్వాలేదు గానీ ఒళ్ళు ఎండిపోకూడదు.

కాజువాలిటీలో కంగారులో కథంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెడతాం. ఇలా ఒక్క ముక్కలో చెప్పండి: "డాక్టరు గారూ, ఈ తేదీన పాపకి గాల్ బ్లాడర్ తీశారు, ఇవాళ ఐదో రోజు. నిన్నటి దాకా బాగుంది, రాత్రి నుంచి పొట్ట ఉబ్బింది, 101 జ్వరం. పైత్యం లీక్ ఏమైనా ఉందేమో చూడండి." ఆపరేషన్ నోట్స్, మీ నోటుబుక్ చేతికివ్వండి.

రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, ఆధార్ వెంట ఉండాలి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. ఆ కౌంటర్లో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి మొదటి ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇబ్బంది అని చెప్పండి. ఏది వర్తిస్తుందో వాళ్ళే చూసి చెప్తారు. కాగితం పని ఒకరు చూసుకోండి, ఇంకొకరు బిడ్డ పక్కన ఉండండి.

5. ఆస్పత్రిలో ఏం చేస్తారు, మీరు ఏం అడగాలి

రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్ స్కానింగ్ మొదట చేస్తారు. లివర్ పరీక్షలో బిలిరుబిన్ (పైత్యంలో ఉండే పసుపు రంగు పదార్థం) కొద్దిగా పెరిగి ఉండొచ్చు, దాదాపు మామూలుగానూ ఉండొచ్చు. కాబట్టి "రిపోర్టు నార్మల్" అని ఇంటికి పంపేస్తుంటే, బిడ్డ మాత్రం బాగాలేకపోతే, ఇంకోసారి అడగడం మీ హక్కు. స్కానింగ్‌లో కొంచెం నీరు కనిపించడం కూడా ఆపరేషన్ తర్వాత మామూలే. అది పైత్యమా, రక్తమా, ఊరికే నీరా అన్నది అల్ట్రాసౌండ్ చెప్పలేదు. దాన్ని సూదితో తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. ఆ ద్రవంలో బిలిరుబిన్ రక్తంలో ఉన్నదానికి మూడు రెట్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే అది పైత్యమే. ఎక్కడి నుంచి కారుతోందో చూడటానికి పైత్యనాళాల బొమ్మ తీసే ఎంఆర్‌సీపీ స్కాన్ చేస్తారు. ఇంకా కారుతూనే ఉందా అన్నది చూడటానికి హైడా స్కాన్ ఉంది. రెండోది న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది.

వైద్యం మూడు మెట్లుగా సాగుతుంది.

మొదటిది, నిలిచిన పైత్యాన్ని బయటికి తీయడం. స్కానింగ్ చూస్తూ సన్నని గొట్టం, అంటే డ్రెయిన్, పెడతారు. దాంతోపాటు నరం ద్వారా యాంటీబయాటిక్స్, సెలైన్, నొప్పికి మందు. చిన్న లీకులు కొన్ని ఈ ఒక్క మెట్టుతోనే మానిపోతాయి.

రెండోది ఈఆర్‌సీపీ. నోటి గుండా కెమెరా గొట్టం పంపి, పైత్యనాళం పేగులోకి తెరుచుకునే చోట సన్నని ప్లాస్టిక్ స్టెంట్ పెడతారు. చిల్లు ఒకచోట ఉంటే గొట్టం ఇంకోచోట పెట్టడమేమిటని చాలామంది అడుగుతారు. కాలువకి గండి పడినప్పుడు దిగువ లాకు తలుపులు ఎత్తితే నీరు కిందికి లాగి గండి మీద ఒత్తిడి తగ్గుతుంది కదా, ఇదీ అంతే. పైత్యనాళం చివర ఒక బిగువైన కండరం ఉంటుంది. స్టెంట్ ఆ బిగువును దాటించి పైత్యానికి పేగులోకి సులువైన దారి ఇస్తుంది. చిల్లు వైపు పోవడం తగ్గాక అది తనంతట తానే పూడుతుంది.

పిల్లల్లో ఈఆర్‌సీపీకి పూర్తి మత్తు కావాలి, పిల్లలకు చేసిన అనుభవం ఉన్న చేయి కావాలి. బాగా చిన్నపిల్లలకు సన్నని స్కోపు కూడా కావాలి. ఇవి అన్ని ఊళ్ళలో ఉండవు. అందుకే విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ లాంటి చోటికి రిఫర్ చేయొచ్చు. రిఫర్ చేశారంటే చేతులెత్తేశారని అర్థం కాదు. నా దృష్టిలో సమయానికి పంపించే డాక్టరే మంచి డాక్టరు. అయితే పంపేముందు ఈ మూడూ అయ్యాయా అని అడగండి: డ్రెయిన్ పెట్టారా, యాంటీబయాటిక్ మొదలైందా, సెలైన్ ఎక్కుతోందా. ఐదారు గంటల దారిలో కడుపు నిండా పైత్యంతో బిడ్డను తీసుకెళ్ళడం కన్నా డ్రెయిన్ పెట్టించుకుని వెళ్ళడం చాలావరకు మంచిది. డ్రెయిన్ పెట్టే వీలు అక్కడ లేకపోతే మాత్రం దానికోసం ఆగకుండా వెళ్ళిపోవాలి. స్కాన్ సీడీ తీసుకోండి, కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు.

ఈఆర్‌సీపీ తర్వాత మొదటి రోజు పై పొట్టలో గట్టిగా నొప్పి, వాంతులు వస్తే వెంటనే నర్సుకి చెప్పండి. పాంక్రియాస్ (క్లోమం) వాపు రావచ్చు, అది ఈ పద్ధతిలో తెలిసిన ఇబ్బందే.

మూడోది మళ్ళీ ఆపరేషన్. కడుపంతా పైత్యం పాకినప్పుడు కడిగి డ్రెయిన్ పెట్టడానికి వెంటనే చేయాల్సి రావచ్చు. పెద్ద పైత్యనాళమే తెగి ఉంటే పేగు ముక్కని పైకి తెచ్చి నాళానికి కలిపే పెద్ద ఆపరేషన్ కావాలి. దీన్ని అలవాటున్న హెపటోబిలియరీ సర్జన్ (కాలేయం, పైత్యనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరు) దగ్గరే చేయించండి. మొదటిసారి సరిగా కుదిరిన రిపేరుకీ, రెండోసారి విప్పి చేసిన రిపేరుకీ బిడ్డ జీవితంలో చాలా తేడా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో దగ్గర, దూరం, తెలిసినవాళ్ళు అన్నవి పక్కన పెట్టండి.

6. డ్రెయిన్‌తో ఇంటికి పంపితే

కొందరు పిల్లల్ని డ్రెయిన్‌తోనే కొన్నాళ్ళు ఇంటికి పంపుతారు. చూడటానికి భయంగా ఉన్నా రెండు రోజుల్లో అలవాటవుతుంది. డిశ్చార్జికి ముందు నర్సు ఎదురుగా మీ చేత్తో ఒకసారి సంచి ఖాళీ చేసి చూపించండి. మీది మామూలు సంచి రకమా, పిండి మూతపెట్టే బల్బు రకమా అడగండి. బల్బు రకమైతే ఖాళీ చేసిన ప్రతిసారీ పిండి గాలి పోనిచ్చి మూత పెట్టాలి, లేకపోతే లాగదు.

రోజూ చేయాల్సింది ఇది. సబ్బుతో చేతులు కడుక్కోండి. సంచి సగం నిండగానే కొలత గీతలున్న కప్పులోకి వంపండి. ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో రాయండి. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఒక రోజు లెక్క. ఒక్కో రోజు కాస్త ఎక్కువ తక్కువ ఉన్నా, వారం మొత్తంలో అంకె దిగుతూ రావాలి: 60, 45, 50, 30, ఇలా. సంచి ఎప్పుడూ పొట్టకన్నా కిందే ఉండాలి. పడుకున్నప్పుడు మంచం పక్కన వేలాడదీయండి, దిండు పక్కన పెట్టొద్దు. గొట్టాన్ని చర్మం మీద ఒక మెలిక తిప్పి ప్లాస్టర్ వేస్తే, బిడ్డ లాగినా ఆ లాగుడు కుట్టు దాకా పోదు. చిన్నపిల్లలకి మెత్తని బనియన్ వేసి గొట్టాన్ని దాని లోపల నుంచి తీయండి.

మన ఉక్కపోతకి ప్లాస్టర్ నిలవదు. చెమటకి అంచులు లేచిపోతాయి. తడిసిన డ్రెస్సింగ్ అలాగే ఉంచితే చర్మం ఒరుసుకుపోతుంది. కాబట్టి డ్రెస్సింగ్ తడిసినప్పుడల్లా మార్చండి, ఫ్యాన్ కింద చర్మం పూర్తిగా ఆరాకే కొత్త ప్లాస్టర్ వేయండి. చుట్టూ పైత్యం తగిలితే చర్మం మండి ఎర్రబడుతుంది. కాచి చల్లార్చిన నీటితో మెల్లగా తుడిచి, అద్ది ఆరబెట్టి, డాక్టరు రాసిన జింక్ క్రీమ్ రాయండి. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసర్లు వద్దు. కాలువలో, చెరువులో, గోదారిలో స్నానం అసలు వద్దు. డ్రెయిన్ తీసి, రంధ్రం మానేదాకా తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే.

అంకె ఒక్కసారిగా సున్నా అయితే నయమైందని సంబరపడకండి. మెల్లగా తగ్గి సున్నా అవడం మంచి గుర్తు. నిన్న 50 ఉండి ఈరోజు ఏమీ రాకపోతే గొట్టం మడత పడిందో, మూసుకుపోయిందో. మడతలు చూడండి, డాక్టరుకి ఫోన్ చేయండి. అప్పుడే నొప్పి, జ్వరం కూడా ఉంటే వెళ్ళిపోండి. నేర్పించకుండా గొట్టంలోకి నీళ్ళు ఎక్కించొద్దు. ఊడి బయటికి వచ్చేస్తే మళ్ళీ లోపలికి తోయకండి. శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చని గుడ్డ) పెట్టి అదే రోజు వెళ్ళండి, ఊడిన గొట్టం కూడా తీసుకెళ్ళండి, మొత్తం వచ్చిందో లేదో చూస్తారు. ఎర్రగా రక్తం వచ్చినా, చీములా చిక్కగా కంపు కొట్టినా ఆగొద్దు.

డ్రెయిన్‌లో ఎక్కువ పోతున్న బిడ్డ ఒంట్లో నీటితోపాటు ఉప్పు, బైకార్బనేట్ కూడా పోతాయి. ఇక్కడ మన డెల్టాలో ఒక పొరపాటు సహజంగా జరుగుతుంది: చెట్టు నుంచి దించిన కొబ్బరి బొండాలే బలమని అవే పట్టిస్తారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. పైత్యంతో ఎక్కువగా పోయేది సోడియమే. ఇష్టంగా ఒక బొండాం తాగితే తప్పులేదు, కానీ పోయినదానికి బదులు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది దాని మీద రాసినన్ని నీళ్ళకి, నీళ్ళు కాచి చల్లార్చినవి. పండ్ల రుచులతో డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు దీనికి పనికిరావు. రోజుకి ఎంత పట్టాలో డ్రెయిన్ లెక్క చూపించి డాక్టరుతో రాయించుకోండి. రక్తంలో సోడియం ఎప్పుడు పరీక్షించాలో కూడా అడగండి. లీకు వారాల తరబడి సాగితే ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి సరిగా పట్టవు. కే విటమిన్ తగ్గితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, దానికి ఐఎన్ఆర్ పరీక్ష ఉంటుంది.

తిండి సంగతి. ఆపరేషన్ అయిందని నెల రోజులు పత్యం పెట్టి కారప్పొడి అన్నం, చారన్నంతో గడిపితే పుండు ఎలా మానుతుంది? పప్పు, గుడ్డు, పెరుగు, ముళ్ళు తీసిన చేప అన్నీ పెట్టండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. లీకు ఉన్నన్నాళ్ళు వేపుళ్ళు, కాజాలు, బిర్యానీ లాంటివి తగ్గించండి, కొవ్వు అరగడానికి పైత్యం కావాలి కాబట్టి. తర్వాత మెల్లగా మామూలు తిండికి వచ్చేయొచ్చు. గాల్ బ్లాడర్ లేని పిల్లలు జీవితాంతం పత్యం చేయనక్కర్లేదు.

7. స్టెంట్ తీయించే తేదీ

ప్లాస్టిక్ స్టెంట్ శాశ్వతం కాదు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ స్కోపు వేసి తీసేస్తారు. బిడ్డ బాగుంటుంది, బడికి వెళ్తుంది, ఇంట్లో కోతలో, రొయ్యల పట్టుబడో ఉంటుంది, ఆ తేదీ దాటిపోతుంది. మర్చిపోయిన స్టెంట్ మూసుకుపోయి పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది: చలిజ్వరం, కళ్ళు పచ్చబడటం, కుడి డొక్కలో నొప్పి. కాబట్టి డిశ్చార్జి సమ్మరీలో తేదీ రాయించుకుని ఇంటి కాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాయండి, ఫోన్‌లో అలారం పెట్టండి, బడిలో టీచరు గారికీ ఒక మాట చెప్పండి. తీయించాల్సిన రోజుకి డబ్బు, బండి, తోడు ముందే చూసుకోండి.

చిన్న లీకు మానిపోయిన బిడ్డకి ఆ తర్వాత ఒకటి రెండు చెకప్‌లు, లివర్ పరీక్ష, అవసరమైతే స్కానింగ్ సరిపోతాయి. పెద్ద నాళానికి రిపేరు జరిగిన పిల్లల సంగతి వేరు. కలిపిన చోట నాళం ఏళ్ళ తర్వాత కూడా ఇరుకు కావచ్చు. వాళ్ళకి పెద్దయ్యేదాకా, ఆ తర్వాతా లివర్ పరీక్షలు కొనసాగాలి. చదువుకో ఉద్యోగానికో ఊరు మారితే ఆపరేషన్ నోట్స్ ఫైలు వాళ్ళతో వెళ్ళాలి. కారణం తెలియని చలిజ్వరం, ఒళ్ళు దురద, మూత్రం పచ్చబడటం, వీటిలో ఏది వచ్చినా మలేరియా మందులతో సరిపెట్టకుండా ఆ ఫైలుతో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రాళ్ళకు కారణం సికిల్ సెల్, తలసేమియా, స్ఫెరోసైటోసిస్ అని తేలి ఉంటే, ఇంట్లో మిగతా పిల్లలకీ రక్త పరీక్ష చేయించండి. సికిల్ సెల్ కోసం 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు.